మైనం ఆరేదాకా మంట ఆగాలి

మా ఫైరింజను మీద నీటిచుక్క పడకూడదన్న నిబంధన ఒక్కసారిగా ఊడిపడి ఉంటే ఎవరైనా నవ్వేవారు. కానీ అది అలా రాలేదు. నెమ్మదిగా, ఒక్కో అడుగుకీ ఒక్కో కారణం చెప్పుకుంటూ వచ్చింది. కారణం విన్నప్పుడల్లా సబబుగానే ఉందని మేమందరం తలూపాం. అందుకని ఫలానా వాళ్లది తప్పు అని చెప్పడానికి వీల్లేదు.

మెరకపాలెం అగ్నిమాపక కేంద్రంలో నేను జూనియర్ అసిస్టెంటుని. కాలువగట్టు మీద ఒక రేకుల షెడ్డు, దానికి ఆనుకుని రెండు గదులు, ముందు కాస్త ఆవరణ. షెడ్డులో ఒకటే ఇంజను. స్టేషన్ ఆఫీసరు తాతాజీగారు నెమ్మదైన మనిషి, పైనుంచి వచ్చిన కాగితాన్ని ప్రసాదం పుచ్చుకున్నట్టు రెండు చేతులతో పుచ్చుకుంటారు. ఇంజను నడిపే ఏడుకొండలుగారు మాత్రం నోరు కట్టుకోలేని మనిషి. మా కోనసీమలో మంటలంటే ఎక్కువగా గడ్డివాములు, తాటాకు పాకలు, కొబ్బరి పీచు. ఫోను మోగితే ఇంజను వెళ్లేది, నీళ్లు కొట్టేది, వచ్చేది. దాని మీద దుమ్ము ఉందో మెరుపు ఉందో ఎవరూ చూడలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున్న డివిజన్ నుంచి విరూపాక్షంగారు వచ్చారు. మా అందరికీ పై అధికారి. ఏదో మహానగరంలో శిక్షణకి వెళ్లి అప్పుడే తిరిగొచ్చారు. అక్కడ ఒక హాల్లో నిలబెట్టిన అగ్నిమాపక శకటం తలుపులో చూసుకుని ఆయన తల దువ్వుకున్నారట. ఆ సంగతి చెబుతూ జేబులోంచి ఆ దువ్వెన తీసి మాకు చూపించారు.

"అగ్నిమాపక శకటాన్ని చూడగానే పౌరుడికి కలగవలసినది ఏమిటి?" అని అడిగారు, మమ్మల్ని వరుసలో నిలబెట్టి.

"ధైర్యమండి," అన్నారు తాతాజీగారు.

"కాదు."

"నీళ్లు వచ్చాయిరా బాబూ అనిపించాలండి," అన్నారు ఏడుకొండలుగారు.

"కానే కాదు. ప్రకాశం! ప్రకాశం వలన విశ్వాసం, విశ్వాసం వలన ధైర్యం. నీరు తదుపరి అంశం."

కారులోంచి అట్టపెట్టె దింపించారు. లోపల గుండ్రటి డబ్బాలు, స్పాంజి బిళ్లలు, మెత్తటి గుడ్డలు. డబ్బా మూత తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించారు. "కర్నూబా మైనం. బ్రెజిల్ దేశంలో ఒకానొక తాళవృక్షపు ఆకుల నుండి సేకరించబడుతుంది. మండుటెండ నుండి తనను తాను కాపాడుకొనుటకు ఆ వృక్షం దీనిని స్రవిస్తుంది."

"మన తాటిచెట్లు ఎండలో లేవేంటండీ? వాటికి లేని మైనం దానికెందుకో," అన్నారు ఏడుకొండలుగారు. "పోనీలెండి. ఎండని కాసేదైతే ఎండలో పూసెయ్యొచ్చా?"

"ససేమిరా కూడదు."

వెంటనే పూత మొదలైంది. ఆ రోజు మంచు దట్టంగా ఉంది. ఇంజనుని తుడిస్తే మళ్లీ చెమర్చేది. డబ్బాలో మైనం పాత బెల్లంలా గట్టిపడి స్పాంజికి రాలేదు. ఎదురుగా టీకొట్లో వేడినీళ్లు తెచ్చి డబ్బాని అందులో కూర్చోబెట్టారు. అప్పుడు కరిగింది. తాతాజీగారు భక్తి కొద్దీ, పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు, మందంగా పట్టించేశారు. మంచులో అది ఎంతకీ ఆరలేదు. ఎదురుచూసి ఎదురుచూసి అందరూ టీకి వెళ్లినప్పుడు మంచు విడిపోయి ఎండ వచ్చింది. తిరిగొచ్చి చూస్తే మైనం ఎండిపోయి, తెల్లగా, ఇంజనుకి సున్నం కొట్టినట్టుంది. ఎంత రుద్దినా రాలేదు.

"ఇప్పుడు దీన్ని చూసిన పౌరుడికి విబూది గుర్తొచ్చుద్దండి," అన్నారు ఏడుకొండలుగారు.

విరూపాక్షంగారు అధైర్యపడలేదు. లోపం మైనంలో లేదని, వాతావరణంలో ఉందని తేల్చారు. మంచులో పూయరాదు. ఎండలో పూయరాదు. గాలిలో పూస్తే దుమ్ము అంటుకుంటుంది కనుక పూయరాదు. వానలో చెప్పనే అక్కర్లేదు. "అనుకూల వాతావరణంలో మాత్రమే పూయవలెను, అనుకూల వాతావరణంలో మాత్రమే తీయవలెను," అని ఉత్తర్వు వచ్చింది. ఆ అనుకూలాన్ని కనిపెట్టి చెప్పే పని నాకు అప్పగించారు. మా ఊరి బడిలో మాస్టారు మమ్మల్ని బయటికి తీసుకెళ్లి ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఊరికే పోతుందో చూపించేవారు. ఆ చదువు ప్రభుత్వానికి పనికొస్తుందని అప్పుడు తెలీలేదు. నాకొక కుర్చీ ఆవరణలో వేశారు. నేను ఆకాశం చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ తర్వాత వేలి సమస్య వచ్చింది. పూసిన మైనం మీద సన్నటి తెల్లమసక పట్టాక వేలితో ఒక గీత గీయాలి. గీత శుభ్రంగా పడితే తుడిచెయ్యొచ్చు, వేలికి జిడ్డుగా అంటుకుంటే ఇంకా ఆగాలి. అయితే మా సిబ్బందిలో ఒకరి వేలికి అంటుకున్నది మరొకరి వేలికి అంటుకోలేదు. మాటామాటా పెరిగింది. ఒకాయన ఇంకొకాయన వేలిని పట్టుకుని ఏదో అన్నాడు. సంగతి డివిజన్ దాకా వెళ్లింది. తాతాజీగారి కుడిచేతి చూపుడువేలును అధీకృత వేలుగా ప్రకటిస్తూ ఆదేశం వచ్చింది. దానికి నూనె తగలకూడదు కాబట్టి ఆయన ఆవకాయన్నం చెంచాతో తినడం మొదలుపెట్టారు. మేనకోడలి పెళ్లికి సెలవు కావలసివచ్చి, వేలిని ఎవరికి అప్పగించి వెళ్లాలని అడిగితే, సదరు వేలు హోదాను బట్టి సంక్రమించినది కాబట్టి స్టేషన్ ఆఫీసరు కుర్చీలో ఎవరు కూర్చుంటే వారి వేలే అధీకృతమని జవాబు ఇచ్చారు. ఆ పెళ్లి రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్న ఏడుకొండలుగారు ఎవరితో మాట్లాడినా వేలు చూపించి మాట్లాడేవారు.

ఒప్పుకోవాలి, ఇంజను మెరిసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. కాలేజీ పిల్లలు దాని ముందు ఫోటోలు దిగారు. టీకొట్టు ఆవిడ తన కొట్టు ఇంజనులో తిరగేసి కనిపిస్తోందని మురిసిపోయింది. విరూపాక్షంగారు వచ్చి తలుపు ముందు నిలబడి తల దువ్వుకున్నారు. ఇక మిగిలింది ఆ మెరుపును నిలబెట్టడమే అన్నారు.

మెరుపును నీళ్లు పాడుచేస్తాయి. మైనం కుదుటపడేలోపు చుక్క పడితే మచ్చ తేలుతుంది. మాఘంలో ఒకరోజు ఉన్నట్టుండి చినుకులు పడితే, షెడ్డు రేకులు కారతాయని తెలిసిన సిబ్బంది అందరూ గొడుగులు పట్టుకుని ఇంజను చుట్టూ నిలబడ్డారు. వాళ్లు తడిశారు, ఇంజను తడవలేదు. దానికి ప్రశంస వచ్చింది. ఆ వెనకే, పూత వేసిన శకటాన్ని మైనం పూర్తిగా కుదిరేంతవరకు నీటి వినియోగానికి దూరంగా ఉంచాలన్న ఉత్తర్వు కూడా వచ్చింది. కుదిరేసరికి మళ్లీ పూత వేసే వేళ అయ్యేది.

ఫోన్లు నేనే ఎత్తేదాన్ని. ఒక మధ్యాహ్నం ఎవరో ఆయాసపడుతూ గడ్డివాము అంటుకుందన్నాడు. వాతావరణం కనుక్కోకుండా ఇంజనుని బయటికి పంపకూడదు కాబట్టి, "అక్కడ ఎండగా ఉందా అండీ, నీడగా ఉందా?" అని అడిగాను.

"మంటగా ఉందండీ!" అన్నాడు.

మంట గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. తాతాజీగారు స్పష్టత కోరారు. స్పష్టత వచ్చేసరికి గడ్డివాము అయిపోయింది. కానీ స్పష్టత మాత్రం చాలా వివరంగా వచ్చింది. వేడికి మైనం మెత్తబడును కావున, ముందు భాగం మీద చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేంత దూరంలోనే శకటాన్ని నిలపవలెను. అంత దూరం నుంచి గొట్టం అందదు కదా అని తాతాజీగారు మళ్లీ అడిగారు. "మంటకు, శకటానికి నడుమ దూరమును తగ్గించు చొరవ మంట వైపు నుండి రావలసియున్నది," అని విరూపాక్షంగారు రాశారు.

వైశాఖంలో గుత్తుల వీరవేణిగారి పొట్టుగుట్ట అంటుకుంది.

వీరవేణిగారిది ఊరి చివర కొబ్బరి పీచు మిల్లు. కొబ్బరికాయల డొక్కలు చితక్కొట్టి పీచు తీసే యంత్రం, పీచు బేళ్లు పేర్చిన పెద్ద షెడ్డు, షెడ్డు పక్కనే యంత్రం వదిలేసిన పొట్టు కొండలా. భర్త పోయాక ఆవిడే నడుపుతోంది. ఊళ్లో చాలామంది ఆడవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ మిల్లు వల్లనే. పొట్టుకు నిప్పంటుకుంటే భగ్గున లేవదు. లోపల్లోపల తొలుచుకుంటూ పోతుంది. పైన బిందెలతో నీళ్లు పోస్తే పై పొర నానుతుంది, అడుగున నిప్పు అలాగే ఉంటుంది. ఇంజను గొట్టంతో బలంగా కొడితేనే లొంగుతుంది.

ఆవిడ స్కూటీ మీద వచ్చింది. చీర కొంగుకి పొగ వాసన. తాతాజీగారు చూపుడువేలు పైకెత్తి ఇంజను ముందు నిలబడి ఉన్నారు.

"తాతాజీగారండీ, బండి తియ్యండి. మా పొట్టు అంటుకుంది."

"ఒక్క నిమిషం వీరవేణిగారూ. వేలు పెట్టబోతున్నాను."

"దేంట్లో అండీ?"

"మైనంలో. ఆరిందో లేదో చూడాలి."

"అదారినా ఆరకపోయినా మా కొంపేం అంటుకోదు కదండీ! ఇప్పుడు గాలి కాలవకేసి తోలతంది కాబట్టి బతికున్నాం. అడుగున నిప్పు షెడ్డు గోడకేసి తొలుచుకుంటా వత్తంది. గోడ దాటిందంటే పీచు బేళ్లు, మిషను, అన్నీ బుగ్గయిపోతాయి. ఇంక మిల్లు లేదు, నేను లేను, నా దగ్గర పన్జేసే ఆడోళ్లు లేరు. అర్థవవుతుందాండీ?"

తాతాజీగారికి అర్థమైంది. ఆయన మంచి మనిషి. వేలు దించి నా వైపు చూశారు. "అమ్మా, ఎలా ఉంది?"

"ఎండ ఎక్కువగా ఉందండి," అన్నాను. అది నిజమే. "బయటికి తీస్తే పూత పెళుసెక్కిపోతుంది."

"సాయంత్రం చూద్దామండీ," అన్నారాయన వీరవేణిగారితో. "ఈలోగా మీరు మంటని కాస్త నిలకడగా ఉంచగలిగితే."

"పెసరట్టనుకున్నారా అండీ, సెగ తగ్గించి పెట్టడానికి?" అంది ఆవిడ.

సాయంత్రం సముద్రం వైపు నుంచి తేమ కమ్మింది. మైనం మసక కట్టలేదు, జిడ్డుగానే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న పొడిగా ఉంది కానీ దుమ్ముగాలి. ఆవిడ వచ్చినప్పుడల్లా కొంగు నుంచి పొగ వాసన ఎక్కువవుతూ వచ్చింది. ఆడవాళ్లందరూ కాలువ నుంచి బిందెలతో మోస్తున్నారని, చేతులు పడిపోతున్నాయని చెప్పింది. తాతాజీగారు భరించలేక డివిజన్‌కు ఫోను చేసి బతిమాలారు. విరూపాక్షంగారు స్వయంగా కదిలి వచ్చారు.

"ప్రజాప్రయోజనం దృష్ట్యా సడలింపు ఇస్తున్నాను," అని ప్రకటించారు. "శకటం బయలుదేరవచ్చును. అయితే నీడతో సహా బయలుదేరవలెను."

నీడను టెంట్‌హౌస్ నుంచి తెప్పించారు. పెళ్లిళ్లకి వేసే రంగుల షామియానా. నాలుగు మూలలా నాలుగు గుంజలు పట్టుకుని సిబ్బంది నడవాలి, కింద ఇంజను వాళ్లతో సమానంగా పాకాలి. దుమ్ము లేవకుండా టైర్ల ముందు ఒకాయన నీళ్లు చిలకరిస్తాడు, నీళ్లు బండి మీద చిందకుండా ఇంకొకాయన అట్ట అడ్డం పెడతాడు. నేను ఆకాశం చూస్తూ ముందు నడవాలి.

బజారులోకి వచ్చేసరికి జనం అరుగుల మీదికి వచ్చి దణ్ణాలు పెట్టారు. "ఏ దేవుడండీ?" అని ఒక ముసలాయన ఏడుకొండలుగారిని అడిగాడు.

"కర్నూబేశ్వరస్వామి. బ్రెజిల్ నుంచి వేంచేశారు. జలగండం ఉందని పందిరి లేకుండా బయటికి తియ్యరు," అన్నారాయన స్టీరింగు వదలకుండా.

ముసలాయన చెంపలు వేసుకున్నాడు. కొబ్బరికాయలు పగిలాయి. ఒకావిడ పరుగున పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చి ఇంజను ముందు హారతి పట్టింది. విరూపాక్షంగారు ఒక్క కేక వేశారు. "మంట! మంట! దూరంగా పట్టుకెళ్లండి! ఆర్పేయండి!" ఆవిడ బెదిరిపోయి పళ్లెం కింద పడేసింది. నలుగురు సిబ్బంది షామియానా వదిలేసి ఆ కర్పూరాన్ని బూట్లతో తొక్కారు. ఆ ఏడాది మా కేంద్రం అప్పటిదాకా ఆర్పిన మంట అదొక్కటే.

ఊరి చివర మలుపు తిరగ్గానే మిల్లు కనిపించింది. వీరవేణిగారు, ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి రోడ్డు మీదికి వచ్చారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. విరూపాక్షంగారు ఇంజను ముందు భాగం మీద అరచెయ్యి ఆనించారు. ముఖం చిట్లించారు. రెండో చెయ్యి ఆనించారు.

"వెచ్చగా ఉంది. వెనక్కి తిప్పండి."

"వైశాఖవండీ బాబూ, మన బుర్రలు కూడా వెచ్చగానే ఉన్నాయి," అన్నారు ఏడుకొండలుగారు.

కానీ తిప్పక తప్పలేదు. షామియానాతో సహా తిప్పడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ మిల్లు ఆడవాళ్లు రోడ్డు మీద అలాగే నిలబడి చూశారు. తర్వాత బిందెలు ఎత్తుకుని మళ్లీ కాలువలోకి దిగారు.

వీరవేణిగారు మా వెనకే స్కూటీ మీద వచ్చేసింది. మేము ఆవరణలోకి చేరేసరికి విరూపాక్షంగారికి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, గోడ దగ్గరికి వచ్చేసింది. మీ బండి నా దగ్గరికి రాలేనప్పుడు, నా మంటనే తట్టలకెత్తుకుని మీ దగ్గరికి తెచ్చి పొయ్యమంటారేంటి?"

ఆవిడ కోపంతో అంది. విరూపాక్షంగారు మాత్రం కళ్లు మూసుకుని ఆలోచించారు. మెల్లగా ఆయన ముఖం విప్పారింది.

"చూశారా తాతాజీగారూ! నిర్మాణాత్మక సూచన. పౌర భాగస్వామ్యం అనగా ఇదియే. మంట స్థిరం, శకటం చరం అన్న పాత భావన నుండి మనం బయటికి రావాలి. శకటం స్థిరం, మంట చరం!" ఆవిడ వైపు తిరిగారు. "తీసుకురండమ్మా. సొంత రవాణాలో, భద్రంగా, మార్గమధ్యమున ఎవరికీ అంటించకుండా తీసుకురండి. ఇక్కడ మా సౌకర్యాన్ని బట్టి ఆర్పబడును."

వీరవేణిగారు ఆయన్ని కొంతసేపు చూసింది. తర్వాత తాతాజీగారిని చూసింది. ఇంజనుని చూసింది. "నిజంగానే అంటన్నారా అండీ?"

"ప్రభుత్వం పరిహాసమాడదు."

"ఆయ్. మంచిది," అని స్కూటీ తిప్పింది.

ఆవిడకి ట్రాక్టరు ఉంది. తొట్టి అడుగున తడిమట్టి పరిచారు. ఆడవాళ్లు ముక్కుకి గుడ్డలు కట్టుకుని, పారలతో రగులుతున్న పొట్టుని గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి తవ్వి తొట్టికెత్తారు. పైన తడి గోనెలు కప్పారు. మొదటి తొట్టి మా ఆవరణలో తిరగబోసినప్పుడు తాతాజీగారు ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చారు. ట్రాక్టరు తిరిగి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. మా ఆవరణలో ఒక గుట్ట లేచింది. సన్నగా, తీరిగ్గా పొగ వస్తోంది.

"మరి కొట్టండి నీళ్లు," అంది వీరవేణిగారు, చివరి తొట్టి దిగాక.

అది వెంటనే కుదరలేదు. ఊరేగింపులో దుమ్ము పట్టినందుకు ఇంజనుకి పాత పూత తీసేసి కొత్త పూత వేశారు. అది ఇంకా మసక కట్టలేదు. సిబ్బందిలో ఒకాయన కాలువ నుంచి బకెట్టుతో నీళ్లు తెస్తానన్నాడు కానీ, పూత వేసిన శకటానికి సమీపంలో తుంపర్లు నిషేధం.

"మంట వచ్చింది, సంతోషం," అన్నారు విరూపాక్షంగారు. "దాని వంతు వచ్చేవరకు వేచియుంటుంది."

"సరేలెండి. మీకు అప్పజెప్పేశాను. ఇంక నాకూ దానికీ సంబంధం లేదు," అంది వీరవేణిగారు. చేతులు కడుక్కుని, ట్రాక్టరు మీద వచ్చిన ఆడవాళ్లని వెంటబెట్టుకుని ఎదురుగా టీకొట్టుకి వెళ్లింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి చెట్ల ఆకులు అటు నుంచి ఇటు తిరిగాయి. లేచి చెప్పాను. "గాలి మారిందండి. కాలువ వైపు నుంచి మన గదుల వైపు వీస్తోంది."

"మైనానికి అనుకూలమా?" అని అడిగారు విరూపాక్షంగారు.

ఆలోచించాను. ఎండ తగ్గింది. తేమ లేదు. మంచు లేదు, వాన లేదు. గాలి ఉంది గానీ దుమ్ము లేదు. ఉద్యోగంలో చేరాక నేను చూసిన అన్ని పూటల్లోకీ అది మంచి పూట. "చాలా అనుకూలమండి," అన్నాను.

తాతాజీగారు వేలు పెట్టారు. గీత అద్దంలా పడింది. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఎప్పుడూ లేనిది మైనం ఎలా కట్టాలో అలా కట్టింది. సిబ్బంది మొత్తం గుడ్డలు పుచ్చుకుని ఇంజను మీదికి ఎగబడ్డారు. తెల్లపొర తుడుస్తుంటే కింద నుంచి ఎర్రరంగు నెత్తురులా పైకి వస్తోంది. విరూపాక్షంగారు దువ్వెన తీసి తలుపు ముందుకు వచ్చారు. అందులో చూసుకుంటూ, దువ్వుతున్న చెయ్యి ఆపేశారు.

"అద్భుతం," అన్నారు. "ఎంత స్పష్టత! మంటలోని పసుపు వేరుగా, ఎరుపు వేరుగా కనిపిస్తున్నాయి చూడండి."

ఏడుకొండలుగారు ఇంజనులోకి చూడకుండా వెనక్కి తిరిగి చూశారు. గొట్టాలు పెట్టుకునే గదిలో మైనం డబ్బాలు, గుడ్డల పెట్టెలు నిండిపోయి ఉన్నాయి. పొట్టులోంచి లేచిన నిప్పురవ్వలు కిటికీలోంచి వాటి మధ్యకి వెళ్లాయి. కర్నూబా మైనం చాలా అందంగా, వత్తుల్లేని దీపాల్లా మండుతోంది.

తాతాజీగారు కంగారులో జేబులోంచి సెల్లు తీసి అత్యవసర నంబరు కొట్టారు. ఆఫీసు గదిలో ఫోను మోగింది. ఆ గది ఇంకా అంటుకోలేదు కాబట్టి పరుగెత్తి వెళ్లి ఎత్తాను.

"మెరకపాలెం అగ్నిమాపక కేంద్రం. చెప్పండి."

"మంటలమ్మా! పెద్ద మంటలు! ఇంజను పంపించండి!"

"చిరునామా చెప్పండి సార్."

ఆయన చెప్పారు. అది మాదే. పొగ ఎక్కువవడంతో ఫోను పెట్టేసి బయటికి వచ్చేశాను.

గొట్టాలన్నీ ఆ గదిలోనే కాలిపోతున్నాయి. ఏడుకొండలుగారు ఎవరి అనుమతీ లేకుండా, షామియానా కూడా లేకుండా, ఇంజనుని రోడ్డు మీదికి తోలేశారు. టీకొట్లోంచి వీరవేణిగారూ ఆడవాళ్లూ పరుగున వచ్చారు. కొట్లో ఉన్న బిందెలు, పక్కన టెంట్‌హౌస్‌లోని వంట డేగిశాలు అందుకుని కాలువ నుంచి నీళ్లు ఎత్తి పోశారు. కేంద్రం దక్కలేదు గానీ ఎదురుగా ఉన్న టీకొట్టు దక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంతసేపూ విరూపాక్షంగారు రోడ్డు మీద ఇంజనుకి అడ్డంగా చేతులు చాపి నిలబడి, "ఇటు చిందనివ్వకండి! ఇటు చిందనివ్వకండి!" అంటూనే ఉన్నారు.

పూర్తిగా కాలాక ఆయన ఇంజను చుట్టూ తిరిగి చూసుకున్నారు. ఎక్కడా మచ్చ లేదు. "కేంద్రము దగ్ధమైనను, శకటము యొక్క ప్రకాశము సురక్షితము," అని డివిజన్‌కు ఫోనులోనే చెప్పారు. ఆ సంవత్సరం ప్రకాశ పరిరక్షణలో ప్రథమ స్థానం మాదే అయింది.

ఇక ఇంజనుకి నీడ కావాలి. ఊరంతా వెతికారు. ఎండ సోకని, వాన కురవని, మంచు దిగని, పెద్ద వాహనం పట్టే షెడ్డు ఊళ్లో ఒక్కటే ఉంది. గుట్ట మొత్తం మాకు తోలేసినందువల్ల వీరవేణిగారి మిల్లు చెక్కు చెదరలేదు. గోడకి మసి కూడా అంటలేదు. ఆవిడ యంత్రం శుభ్రం చేసి మళ్లీ తిప్పడం మొదలుపెట్టిన పూటే మేము కాగితం పట్టుకుని వెళ్లాం. మిల్లును తాత్కాలిక అగ్నిమాపక కేంద్రంగా స్వాధీనం చేసుకుంటున్నామని తాతాజీగారు తలవంచుకుని చదివారు. పీచు ధూళి మైనానికి హానికరం కాబట్టి యంత్రం ఆపాలి. బేళ్లు ఎండలోకి మార్చాలి. ఎన్నాళ్లని అడిగితే, అనుకూల వాతావరణం ఉన్నన్నాళ్లు అని అందులోనే రాసుంది.

యంత్రం ఆగిపోయింది. ఆడవాళ్లు బయట కొబ్బరిచెట్ల కింద కూర్చున్నారు. లోపల ఇంజను, దాని మీద తాతాజీగారి వేలు.

మర్నాడు పొద్దున్న కాలిపోయిన కేంద్రంలో ఇంకా ఏవైనా మిగిలాయేమో చూసి రమ్మని నన్ను పంపారు. నేను బూడిదలో తిరుగుతుంటే వీరవేణిగారు వచ్చింది. గేటు దగ్గర నిలబడి అడిగింది.

"అమ్మాయ్, నేను తోలిన పొట్టు మొత్తం కాలిపోయిందా, ఏవన్నా మిగిలిందా?"

"పైన చల్లబడిందండి. అడుగున తెలీదు. ఎందుకండీ?"

"కొంచెం నిప్పు మిగిలుంటే ఇప్పించు తల్లీ. తీసుకెళ్లి మా షెడ్డు పక్కన పోసుకుంటాను. మంటున్న చోట మీ బండి ఉండదు కదా."

నేను కూర్చుని గుట్ట పక్కన చెయ్యి పెట్టి చూశాను. పైన బూడిద చల్లగానే ఉంది. మోచేతి దాకా దించితే లోపల వెచ్చగా తగిలింది.

"తట్ట తెచ్చారాండీ?" అన్నాను.